నాయన ఏం పని చేస్తాడో ఉద్యోగం ఫారంలో ఎందుకు అక్కా?

ఈ వారం ఉత్తరం చంద్రగిరి పక్క పల్లె నుంచి వచ్చింది. పేరు వేయొద్దక్కా అన్నాడు, వేయను. నాలుగు పేజీలు రాసినాడు, మొదటి మూడు పేజీలు కోపం, నాలుగో పేజీలో అసలు సంగతి, అందుకని కొంచెం కుదించి చెప్తాను.

అబ్బాయికి 26 ఏళ్ళు. టెన్త్ 2015లో, బి.టెక్ మెకానికల్ 2021లో అయింది. అదే ఏడు వాళ్ళ నాయన జారిపడి తొడ ఎముక విరిగితే, లేపి కూర్చోబెట్టేదానికి ఇంకెవరూ లేక ఏడాది పాటు ఈ అబ్బాయే ఇంట్లో ఉండి చూసుకున్నాడు. తర్వాత శ్రీసిటీలో కార్ల పార్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా చేరి మూడున్నరేళ్ళయింది. ఇప్పుడు డిజైన్ వైపు మారాలని నాలుగు నెలలుగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలకి ఆన్‌లైన్లో అప్లై చేస్తా ఉన్నాడు. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చి తిని కూర్చునేసరికి రాత్రి తొమ్మిదిన్నర, అప్పుడు మొదలుపెడితే ఒక్కో ఫారంకి గంట, గంటంపావు. అరవై దాకా పెట్టినాడంట, ఫోన్ వచ్చింది రెండు చోట్ల నుంచే.

ఉత్తరంలో ఒక ముక్క ఉన్నదున్నట్టు ఇస్తాను. "అక్కా, రెజ్యూమె అప్‌లోడ్ చెయ్ అంటాడు, చేసినాక అందులో ఉండేదంతా మళ్ళీ ఒక్కో బాక్సులో టైప్ చెయ్ అంటాడు. టెన్త్ పర్సంటేజ్ ఎంత అంటాడు, నా మెమోలో జీపీఏ తప్ప ఇంకేం లేదు, బాక్సేమో జీపీఏ తీసుకోదు. నువ్వు ఒక రంగువైతే ఏ రంగు, ఎందుకో 200 పదాల్లో రాయి అంటాడు. వెటరనా అని అడిగితే అనుభవం ఉందా అని అడుగుతున్నాడేమో అనుకుని రెండు చోట్ల అవును అని కొట్టినా. మూడున్నరేళ్ళుగా నేను సీఎంఎం అనే కొలతల మిషన్ మీద పార్టులు కొలుస్తా ఉండా, 32 ఎంఎం బోరుకి, అంటే రంధ్రానికి, హెచ్7 టాలరెన్స్ అంటే ఉండొచ్చిన తేడా సున్నా నుంచి ప్లస్ 25 మైక్రాన్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్తా, అరవై ఫారాల్లో ఒక్కడు కూడా అట్లాంటిది అడగలా."

ఇంక నాలుగో పేజీ. వాళ్ళ నాయన తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసే పని చేస్తాడు. ఒక వీక్ ఆఫ్ రోజు పొద్దున ఈ అబ్బాయి బెంగళూరు కంపెనీ ఒకదానికి ఫారం నింపుతా ఉంటే, నైట్ డ్యూటీ చేసి కొండ దిగి వచ్చిన నాయన పక్కన కూర్చుని కాఫీ తాగుతా "ఇంకా ఎన్ని అడుగుతాడురా" అన్నాడంట. సరిగ్గా అప్పుడే ఫాదర్స్ ఆక్యుపేషన్ అని, నింపి తీరాలని ఎర్ర చుక్క పెట్టిన కాలమ్ వచ్చింది. అబ్బాయి ల్యాప్‌టాప్‌ని కొంచెం అటు తిప్పి, బిజినెస్ అని టైప్ చేసి, కిందికి జరిపేసినాడు. ఇప్పుడు ఆ బెంగళూరు కంపెనీ నుంచే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, వచ్చే గురువారం. వాళ్ళమ్మ "అడిగింది రాసేయ్, నీ సొమ్మేం పోతుంది" అంటుంది. స్నేహితుడు ఈ ఫారాలన్నీ దండగ, రెఫరల్ పట్టుకో, అంటే కంపెనీలో తెలిసిన వాళ్ళ చేత చెప్పించుకో అంటాడు. ఈ అబ్బాయి అడిగేది ఏందంటే, ఇట్లాంటి ప్రశ్నలకి జవాబు చెప్పి తీరాలా, ఆ బిజినెస్ అనే మాటని ఇప్పుడు ఏం చేయాలి.

తమ్ముడూ, ముందు ఆ ఫారాలు ఎట్లా పుడతాయో చెప్తాను, అది తెలిస్తే నీ కోపంలో సగం దిగుతుంది, మిగతా సగం న్యాయమైన కోపమే, అది ఉండనీ.

నేను పద్నాలుగేళ్ళు ఒక ఫ్యాక్టరీ హెచ్.ఆర్.లో చేసినాను. మా దగ్గర నాలుగు పేజీల కాగితం ఫారం ఉండేది, జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి గీతలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయినాయి. అందులో తండ్రి లేక భర్త పేరు, వారి వృత్తి, స్వగ్రామం, మాతృభాష, మతం, ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు అన్నీ ఉండేవి. ఎత్తూ బరువూ ఎందుకంటే ఎప్పుడో సెక్యూరిటీ గార్డుల కోసం వేసిన ఫారం అది, తర్వాత దాన్నే అందరికీ వాడినారు. ఆన్‌లైన్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చి మీ ఫారం ఇవ్వండి అన్నారు, ఇచ్చేసినాము, వాళ్ళు ఉన్న కాలమ్‌లన్నిటికీ బాక్సులు కట్టి, ఏది తప్పనిసరి అంటే మా మేనేజరు అన్నీ పెట్టేయండి అన్నాడు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. తండ్రి వృత్తి మనకెందుకు అని నేనూ అడగలేదు. అడగాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత నీ ఉత్తరం చదువుతుంటే అది గుర్తొచ్చి మనసు పాడైంది.

అంటే నువ్వు చూసే ఫారం డిజైన్ ఇంజనీరు కోసం చేసింది కాదు, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుకీ అకౌంటెంటుకీ నీకూ అదే ఫారం. బోరు టాలరెన్స్ తెలిసిన మనిషి కంటికి నీ పేరు కనబడేది షార్ట్‌లిస్ట్ అయినాకే, అప్పటిదాకా నడిచేది హెచ్.ఆర్. సాఫ్ట్‌వేరే. నీ పని గురించి ఎవరూ అడగలేదు అంటే నీ పనికి విలువ లేదని కాదు, అడగడం తెలిసిన వాళ్ళ దాకా ఫారం ఇంకా పోలేదని.

వెటరన్ సంగతి వేరే. అమెరికా ప్రభుత్వానికి సరుకో సర్వీసో అమ్మే కంపెనీలు ఉద్యోగానికి వచ్చే వాళ్ళని మీరు మాజీ సైనికులా, మీకు వైకల్యం ఉందా అని అడగాలని అక్కడ రూలు. వైకల్యం ప్రశ్న 1973 చట్టం నుంచి, సైనికుల ప్రశ్న వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన వాళ్ళ కోసం 1974లో చేసిన చట్టం నుంచి వచ్చినాయి. మంచికి పెట్టిన ప్రశ్నలే, ఆ మనుషుల్ని పక్కన పెట్టకుండా చూసేదానికి. జవాబు చెప్పడం మన ఇష్టం, చెప్పదలుచుకోలేదు అనే ఆప్షన్ పక్కనే ఉంటుంది. ఆ కంపెనీ ప్రపంచం మొత్తానికి ఒకే పోర్టల్ పెట్టుకుంటే ఆ ప్రశ్న మన చంద్రగిరిలో కూడా వచ్చి కూర్చుంటుంది. నువ్వు అవును అని కొట్టిన రెండు చోట్లా లాగిన్ అయి ప్రొఫైల్లో కాదు అని మార్చు, మారకపోతే ఒక లైను మెయిల్ పెట్టు. దానివల్ల పెద్ద నష్టమేం ఉండదు, కాకపోతే సైన్యంలో చేసినానని నీ పేరు మీద ఒక చోట ఉండడం ఎందుకు చెప్పు.

ఇంక ఇది జాగ్రత్తగా చదువు, ఉత్తరంలో నువ్వు మాటల మధ్యలో చెప్పి వదిలేసిన సంగతి. రాత్రి పదకొండు దాటితే విసుగొచ్చి ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, అంటే అడిగే జీతం దగ్గర 9999999 కొడతాను, నోటీస్ పీరియడ్, అంటే పాత ఉద్యోగం వదిలేదానికి పట్టే టైం దగ్గర ఏది ముందుంటే అది సెలెక్ట్ చేస్తాను అన్నావు. తమ్ముడూ, గేటు అక్కడే ఉంది. రంగు గురించి నువ్వు రాసిన 200 పదాలు నా అనుభవంలో ఎవరూ మొదటి రౌండులో చదవరు, కానీ నోటీస్ పీరియడ్, అడిగే జీతం, ఏ ఊరికి వస్తావు, ఎన్నేళ్ళ అనుభవం, ఈ నాలుగు బాక్సులతోనే మేము 300 అప్లికేషన్లని 30 చేసేవాళ్ళం. కొన్ని పోర్టల్స్‌లో మనిషి చూడకుండానే ఆ బాక్సుల మీద రిజెక్ట్ అయిపోతుంది. నువ్వు దండగ అనుకున్న పెద్ద ప్రశ్నకి ముప్పావు గంట పెట్టి, అసలు లెక్కలోకి వచ్చే చిన్న బాక్సుల్ని కోపంతో కొట్టేసినావు. అరవైలో రెండే పిలుపులు రావడానికి ఇది ఒక కారణం అయ్యుండొచ్చు, మొత్తం ఇదే అని నేను అనను, క్వాలిటీ నుంచి డిజైన్‌కి మారడం కూడా కష్టమే, క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్లో నువ్వు చేసిన పని ఏదో ఒకటి చూపించాలి, దాని గురించి నీ రెజ్యూమెలో ఒక్క ముక్క లేదు.

టెన్త్ మార్కులు అడగడం ఫ్రెషర్ల కోసం పెట్టిన జల్లెడ, త్రూ అవుట్ 60 శాతం, అంటే టెన్త్ నుంచి డిగ్రీ దాకా అన్నిట్లో 60 ఉండాలి అంటారు కదా, అది. అనుభవం ఉండే వాళ్ళకి దాన్ని తీసేయాలి, తీయరు. మీ బ్యాచ్‌కి మెమోలో గ్రేడులే ఇచ్చినారు. చాలామంది దాన్ని 9.5తో హెచ్చిస్తారు, అది సీబీఎస్ఈ వాళ్ళు వాళ్ళ పిల్లలకి చెప్పిన లెక్క, మన స్టేట్ బోర్డుది కాదు. నువ్వు ఏ లెక్క వేసినా అన్ని ఫారాల్లో అదే అంకె ఉండాలి, రెజ్యూమెలో మాత్రం మెమోలో ఉన్నట్టే జీపీఏ అని రాయి. వెరిఫికేషన్‌లో వాళ్ళు పట్టుకునేది తక్కువ మార్కుల్ని కాదు, ఒకచోట ఒకటి ఇంకోచోట ఒకటి ఉండడాన్ని.

2021 నుంచి 22 దాకా గ్యాప్ ఎందుకు అంటే, కుటుంబంలో ఒకరికి ఆపరేషన్, నేను చూసుకున్నాను, అని రాసి ఆపేయ్. అంతకు మించి ఎవరికీ బాకీ లేవు. కోర్సు చేసినా అని అబద్ధం కలపొద్దు, సర్టిఫికెట్ అడుగుతారు.

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, పాన్ ఇవన్నీ అప్లై చేసేటప్పుడే అడిగితే మాత్రం ఆగు. ఇవి జాయినింగ్ రోజు పనికొచ్చేవి. ఆధార్ అడిగి తీరాలని ప్రైవేటు కంపెనీలు పట్టుబట్టకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, మరీ తప్పకపోతే చివరి 4 అంకెలు మాత్రం కనబడే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్లో డౌన్‌లోడ్ అవుతుంది, అది ఇవ్వు. ఓటీపీ అడిగినా, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నా అది ఉద్యోగం కాదు, మోసం, అక్కడికక్కడే మూసేయ్.

ఇప్పుడు నాయన సంగతి.

ఆ కాలమ్ వల్ల కంపెనీకి ఏం ఉపయోగం అంటే, నిజంగా ఏమీ లేదు. ఏపీపీఎస్సీ ఫారంలో కులం అడిగితే దానికి రిజర్వేషన్ అనే కారణం ఉంది. చేరినాక పీఎఫ్ ఫారం 2లో నామినీ పేరు, పుట్టిన తేదీ, చుట్టరికం అడుగుతారు, మెడికల్ ఇన్సూరెన్సులో అమ్మానాయనల వయసు అడుగుతారు, వాటికీ కారణం ఉంది. తండ్రి ఏం పని చేస్తాడు అనేదానికి ఆ కారణం కూడా లేదు. కానీ మన దగ్గర ఆ ఒక్క మాటతో కులం అంచనా వేసే మనుషులు ఉన్నారు, లేరని నేను చెప్పను, నా పక్క సీట్లోనే ఒకసారి చూసినాను, ఫారం మీద పెన్ను ఆ కాలమ్ దగ్గర ఒక క్షణం ఆగడం. నువ్వు ల్యాప్‌టాప్ పక్కకి తిప్పింది నాయన మీద చిన్నచూపుతో కాదు, స్క్రీన్ అవతల ఉండే ఆ పెన్ను భయంతో. నువ్వు ఉత్తరంలో నిన్ను నువ్వు చాలా తిట్టుకున్నావు, అంత అవసరం లేదు.

అట్లాగని ఆ మాట అక్కడే ఉండనీ అని కూడా అనలేను. నీ ముందు కొన్ని దారులున్నాయి, ఒక్కోదానికి ఏమవుతుందో చెప్తా, నువ్వు చూసుకో.

ఏమీ చేయకుండా వదిలేయొచ్చు. చాలావరకు ఎవరూ చూడరు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే చదువు, పాత ఉద్యోగం, అడ్రస్, ఇట్లాంటివి చూస్తారు, నాయన ఉద్యోగం ఎవరూ పోయి వెరిఫై చేయరు. కానీ చివర్లో పైన ఇచ్చిన వివరాలన్నీ నిజం అని టిక్ పెట్టినావు కదా, అందులో ఒకటి కాదని నీకు తెలుసు. ఇంటర్వ్యూలో ఎవరైనా మాటవరసకి నాయన ఏం బిజినెస్ అని అడిగితే అక్కడ ఇంకో అబద్ధం అల్లాలి, ఆ టైంలో నీ బుర్రలో టాలరెన్సులు ఉండాలా, దుకాణం పేరు ఉండాలా?

రెండోది, గురువారం లోపే రిక్రూటర్‌కి ఒక మెయిల్. ఇంత చాలు: "నా అప్లికేషన్‌లో తండ్రి వృత్తి కాలమ్ పొరపాటుగా నింపాను. ఈ ఉద్యోగానికి సంబంధం లేని వివరం కాబట్టి దాన్ని ఖాళీగా పరిగణించగలరు." క్షమాపణలు వద్దు, కథ వద్దు. దీనివల్ల ఏమవ్వచ్చు అంటే, ఎక్కువగా సరే అని ఒక లైను వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. ఎక్కడో ఒకచోట ఎవరైనా వీడేదో తేడాగా ఉన్నాడే అనుకునే ప్రమాదం కొంచెం ఉంది, అది నీకు దాచను.

మూడోది, ఉన్నది ఉన్నట్టు రాయడం, తిరుమల కల్యాణకట్టలో ఉద్యోగం అని. ఇందులో దాచుకోవాల్సింది ఒక్క అక్షరం లేదు. రాత్రీ పగలూ తేడా లేకుండా టోకెనూ బ్లేడూ పట్టుకుని వచ్చే జనానికి, ఏడ్చే పసిపిల్లల తల మీద కూడా గాటు పడకుండా తీసే చెయ్యి అది. నువ్వు మైక్రాన్ల లెక్కన కొలిచే పనిలో ఉన్నావు, ఆ చెయ్యి కుదురు నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. కానీ గర్వంగా చెప్పుకోవడం వేరు, ఒక కంపెనీ అడిగే హక్కు లేని చోట అడిగితే చెప్పడం వేరు. చెప్పాలనిపిస్తే నీ అంతట నువ్వు చెప్పు, ఎర్ర చుక్క పెట్టినారు కాబట్టి చెప్పొద్దు.

నన్ను అడిగితే నేను రెండోదాని వైపు మొగ్గుతాను, ఇకమీదట వచ్చే ఫారాల్లో ఆ కాలమ్ ఖాళీగా వదులు, వదలనివ్వకపోతే వర్తించదు అని రాయి, డ్రాప్ డౌన్ అయితే ఇతర అని కొట్టు. అది అబద్ధం కాదు. అదీ తీసుకోని ఫారం ఉంటే ఆ కంపెనీని వదులుకోవాలా వద్దా అనేది మాత్రం నీ ఇంటి పరిస్థితి మీద ఉంటుంది, నాయన కాలు విరిగినాక ఎంత అప్పుందో నువ్వు రాయలేదు, కాబట్టి వదిలేయ్ అని నేను సులువుగా అనను. ఈ అతి ప్రశ్నలకి అడ్డం వేసే చట్టం వస్తా ఉంది, 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసినారు, పనికి అవసరమైన సమాచారం వరకే ఒప్పుదల చెల్లుతుంది అనేది అందులో మూల సూత్రం, టెలీమెడిసిన్ యాప్ నీ ఫోన్లో కాంటాక్టులు అడిగితే ఆ ఒప్పుదల చెల్లదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చినారు. రూల్స్ 2025 నవంబర్లో వచ్చినాయి, కంపెనీలు సర్దుకునేదానికి అప్పటి నుంచి 18 నెలలు టైం ఇచ్చినారు. ఇది ఈ గురువారానికి నీకు ఆయుధం కాదు, కానీ సంబంధం లేని వివరం అని నువ్వు మెయిల్లో రాసేటప్పుడు గొంతెమ్మ కోరిక కోరడం లేదని నీకు తెలిసుండాలి.

మీ అమ్మ మాట కొట్టిపారేయొద్దు, ఆమె చెప్పేది నీకు ఉద్యోగం రావాలనే. మీ స్నేహితుడి మాటలోనూ సగం నిజం ఉంది. రెఫరల్ ఉంటే నీ రెజ్యూమె నేరుగా పని తెలిసిన మనిషి దగ్గరికి పోతుంది, మీ ఫ్యాక్టరీకి ఆడిట్‌కి వచ్చే కస్టమర్ వైపు ఇంజనీర్లు, పార్టుల్ని పట్టి ఉంచే ఫిక్స్చర్లు చేసి ఇచ్చే వెండర్లు, నీ కాలేజీ సీనియర్లు, వాళ్ళకి నువ్వు చేసిన ఒక డ్రాయింగు పంపి అభిప్రాయం అడుగు, ఉద్యోగం అడగొద్దు, అది తర్వాత వస్తుంది. కానీ రెఫరల్లో వచ్చినా చివరికి అదే ఫారం నింపిస్తారు, కాబట్టి ఫారాల నుంచి పూర్తిగా తప్పించుకుంటావని ఆశ పెట్టుకోవద్దు. ఒక పని చెప్తాను, ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో చదువు, తేదీలు, జీతం, నోటీసు, గ్యాప్ లైను, ఎందుకు మారుతున్నావో ఆరు లైన్లు, అన్నీ ఒకసారి శ్రద్ధగా రాసి పెట్టుకో, ఫారం వచ్చినప్పుడు కాపీ పేస్టే. రంగు ప్రశ్నలకి మూడు లైన్లు చాలు. రోజుకొకటి వద్దు, ఆదివారం పొద్దున మూడు పెట్టు, తలనొప్పి లేని టైంలో.

నాయనకి ఇది చెప్పాలా అని ఉత్తరం చివర్లో అడిగి కొట్టేసినావు, కొట్టేసినా కనబడతా ఉంది. అది నీ ఇష్టం. కాకపోతే స్క్రీన్ తిప్పింది ఆయన చూడలేదని నువ్వు అంత గట్టిగా ఎట్లా అనుకుంటున్నావో నాకు తెలీదు, మనుషుల తల తిప్పడాన్ని వేలితో పట్టుకుని పని చేసే మనిషి ఆయన. మెయిల్ పంపినాక, కాఫీ తాగేటప్పుడు, ఆ కాలమ్ ఖాళీ చేయించినా నాయనా, వాళ్ళకి అనవసరం అది, అని ఒక్క మాట అంటే సరిపోతుందేమో.

మెయిల్ సోమవారం పంపు, బుధవారం దాకా ఉంచుకోవద్దు. బుధవారం రాత్రి ఏ పోర్టలూ తెరవకు, నువ్వు కొలిచిన పార్టుల్లో ఎప్పుడూ రిజెక్ట్ అయ్యేది ఒకటి ఉంటుంది కదా, దాని డ్రాయింగు ముందు పెట్టుకుని, డిజైన్లో ఏం మార్చి ఉంటే ఆ రిజెక్షన్ రాకుండా ఉండేదో ఒక కాగితం మీద గీసుకో, ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని బెంగళూరు బస్సెక్కు.